పటేలు వేయని ఎత్తు

మొన్న ప్రభాకర్ వచ్చి వెళ్ళినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. కోపం. ఈ వయసులో ఇంత కోపం ఒంటికి మంచిది కాదని మా కోడలు పూటపూటకూ మజ్జిగ కలిపి తెచ్చి ముందు పెడుతోంది. తాగుతున్నాను, కోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ప్రభాకర్ అంటే ధూళిమిట్ట వైపు ఒక పల్లెలోని పటేలు కొడుకు. ఆ పటేలు మా బాపుకు చదరంగం స్నేహితుడు, తొంభై దాటి నిరుడు పోయాడు. కొడుకు ఇక్కడే సిద్దిపేటలో ఫంక్షన్ హాలు నడుపుతున్నాడు. తండ్రి ఏడాది మాసికం దగ్గరికొస్తోందట, ఆయన పేరు మీద అదే హాలులో చెస్ పోటీ పెడుతున్నాడట. ఇప్పటి గబగబా పోటీ కాదట, ఒక్కో ఆటకు పూటంతా పట్టే నెమ్మది పోటీ. దానితో పాటు ఒక చిన్న పుస్తకం కూడా అచ్చు వేయిస్తున్నాడు. అట్ట మీద తండ్రి ఫోటో, ఫోటో కింద పెద్ద అక్షరాలతో 'నిదానమే ప్రధానం' అని. ఆ నమూనా కాగితం తెచ్చి నా ముందు పరిచాడు. అంగన్‌వాడీలో పనిచేసి రిటైరయ్యాక నేను పత్రికలకు నాలుగు ముక్కలు రాస్తుంటానని ఊళ్ళో కొందరికి తెలుసు, అందుకని నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"మా నాయిన సంగతి మీకంటె ఎవలకు తెలుసక్కా? మీ ఇంట్లనే గదా ఆడేది," అన్నాడు కుర్చీ ముందుకు జరుపుకొని. "రెండు పేజీలు రాయిన్రి. నాయిన ఓపిక గురించి రాయిన్రి. గిప్పటి పిల్లలు ఫోన్లల్ల మూడు నిమిషాల ఆటలు ఆడుతున్రు, టకటక గుద్దుడే. ఆలోచన లేదు, పాడు లేదు. ఒక్క ఎత్తుకు గంటసేపు ఆలోచించెటోళ్ళు ఉండెనని గీ పోరగాండ్లకు తెల్వాలె గద."

ఓపిక! ఆ మాట వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. ఇంటికి వచ్చిన మనిషి, పైగా తండ్రి పోయినవాడు. "చాయ తాగు తమ్మీ. మీ నాయిన ఓపిక గురించి నేను చెప్త. చెప్పినంక రాయాల్నో వద్దో నువ్వే చెప్పు," అన్నాను. ఇక మొదలుపెట్టాను. చాయ చల్లారి పైన మీగడ కట్టేదాకా ఆపలేదు. అతనికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, అంతా విన్న తరువాత అతను చెప్పింది కూడా రాస్తాను.

మాది చేనేత ఇల్లు. ముందు గదిలో గుంట మగ్గం. ఆ గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చుంటే బాపు నడుము పైభాగం మాత్రమే కనపడేది. ఇంట్లో ఎప్పుడూ గంజి వాసన. పడుగుకు పట్టించిన గంజి వాసన, తడి నూలు వాసన, వానాకాలమైతే గుంటలోని మట్టి చెమ్మ వాసన. మా బట్టలకూ జుట్టుకూ అదే పట్టుకునేది, బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. బాపు పొద్దున చద్దన్నం తిని గుంటలో దిగితే మళ్ళీ మధ్యాహ్నం అన్నానికే లేచేవాడు. ఆయన కుడిచేతికి అందేంత దూరంలో ఒక ముక్కాలి పీట ఉండేది, పీట మీద చదరంగం గుడ్డ. బాపే నేసుకున్న ఎరుపు తెలుపు గళ్ళ గుడ్డ అది. దాని మీద కర్ర మొహర్లు, రంగు పోయి చేతి జిడ్డుకు నల్లబడి ఉండేవి. మగ్గం మీద నాడె అటూ ఇటూ పరిగెత్తుతుంటుంది కదా, దాని కడుపులో నూలు చుట్టిన చిన్న గొట్టం ఉంటుంది, దాన్ని కండె అంటాం. కండెలో నూలు అయిపోతే మగ్గం ఆపి కొత్త కండె పెట్టాలి. అలా ఆగినప్పుడే బాపు పీట వైపు తిరిగి ఒక ఎత్తు వేసేవాడు. కండెకు ఒక్క ఎత్తు. మధ్యలో ఎంత గొప్ప ఎత్తు తోచినా వేసేవాడు కాదు. "చేతులకు పని ఉంటె తలకాయ సక్కగ నడుస్తది," అనేవాడు. నేస్తూ నేస్తూ నాలుగు ఎత్తుల అవతల ఏం జరుగుతుందో చూడగలిగేవాడు, ఆ మాట కాదనను. ఆయన ఆట అందమైన ఆట.

పటేలు వారం వారం అంగడినాడు పొద్దున బస్సుకు దిగేవాడు. గొడుగు మూలకు పెట్టి, కాళ్ళు కడుక్కొని, మగ్గం పక్కన వేసిన మంచం మీద చేరగిలబడేవాడు. అంగడి పనులు చూసుకోవడానికి పాలేరు ఉండేవాడు, ఆయనకు మాత్రం సాయంత్రం బస్సు దాకా మా ఇల్లే. ఒక మొహరు చేతిలోకి తీసుకుంటాడు, రెండు వేళ్ళ మధ్య దొర్లిస్తాడు, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు, వాసన చూసి మళ్ళీ ఎక్కడిదక్కడ పెడతాడు. మళ్ళీ తీస్తాడు. ఈలోపు బాపుకు ఆరు కండెలు అయిపోయేవి. మా అవ్వ, అమ్మను అలాగే పిలిచేవాళ్ళం, మూడుసార్లు చాయ పెట్టేది. ఒక్కోసారి రెండు అంగళ్ళకు ఒక ఆట పూర్తయ్యేది. ఆట సగంలో ఉండగా బస్సు వేళ అయితే గుడ్డ అలాగే ఉండిపోవాలి, ఎవరి వంతు మిగిలిందో ఆ మనిషి వచ్చేదాకా మొహరు ఎవరూ ముట్టుకోకూడదు. అది మా ఇంటి కట్టుబాటు. ఊడ్చేటప్పుడు కూడా ఆ పీట చుట్టూ తిరిగి ఊడ్చేవాళ్ళం.

ప్రభాకర్ దీన్నే ఓపిక అంటాడు. ఆ ఓపిక ఎవరి ఒంట్లో నుంచి తీసి ఇచ్చిందో అతనెప్పుడైనా ఆలోచించాడా? బాపు నేసిన ప్రతి కండే అవ్వో నేనో చుట్టిందే. వెనక వసారాలో రెండు రాట్నాలు. తెల్లారకముందే కూర్చునేవాళ్ళం. ముందు గదిలో ఒక మనిషి గుర్రాన్ని వాసన చూస్తూ గంటసేపు కూర్చోవాలంటే వెనక వసారాలో ఇద్దరు ఆడవాళ్ళ రెక్కలు ఆగకుండా తిరగాలి. కండె ఒక్కటి ఆలస్యమైతే చాలు, "ఏం జేస్తున్రే ఆడ? నిద్రపోతున్రా?" అని గుంటలో నుంచి కేక. పటేలు గంట తీసుకుంటే ఆలోచన, మేము ఒక నిమిషం ఎక్కువ తీసుకుంటే నిద్ర! ఇంకా కోపం రాదా? యాభై ఏళ్ళ కింద రావాల్సిన కోపమంతా ఇప్పుడొస్తోంది.

అయినా మేమూ ఆడాం. ఈ సంగతి ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు. ముందు గదిలోకి చాయ తీసుకెళ్ళి, కండెలు తీసుకెళ్ళి, నిలబడి చూసి చూసి మా అవ్వ చదరంగం నేర్చుకుంది. నేర్చుకొని నాకు నేర్పింది. రెండు రాట్నాల మధ్య నేల మీద సుద్దముక్కతో అరవై నాలుగు గళ్ళు గీసేవాళ్ళం. చింతగింజలు బంట్లు, విరిగిన కండె గొట్టాలు ఏనుగులు, నల్లగాజు ముక్క మంత్రి. రాట్నం తిప్పేటప్పుడు ఒక చేయి చక్రం మీద, ఇంకో చేయి నూలు మీద ఉంటాయి. ఖాళీ చేయి ఉండదు. నిండిన కండె తీసి ఉత్తది ఎక్కించేటప్పుడు మాత్రం రెండు మూడు ఊపిర్ల సేపు చేయి దొరుకుతుంది. ఆలోపల ఎత్తు వేయాలి. చేయి మళ్ళీ చక్రం మీదికి పోయిందా, నీ వంతు పోయినట్టే. "పెట్టవే, కండె నిండి ఎంతసేపాయె! ఆలస్యం అమృతం విషం!" అని అవ్వ ఎగతాళి చేసేది. నేను తొందరలో మంత్రిని ఊరికే పారేసుకుంటే రాట్నం ఆపకుండానే నవ్వేది. నాకు ఏడుపొస్తే, "ఓడితె ఏమైతదే? ఇంకో కండె లేదా?" అనేది. ఒక్క పొద్దులో మూడు ఆటలు అయిపోయేవి. నేను రెండు ఓడి ఒకటి గెలిచేదాన్ని. ఎవరు గెలిచారో అక్కడికక్కడే తేలిపోయేది, మిగిలిపోయేది ఏమీ ఉండేది కాదు.

తొందర ఆటలో ఆలోచన ఉండదని అనేవాళ్ళందరినీ ఆ రాట్నం ముందు ఒక్క పూట కూర్చోబెట్టాలి. చక్రం తిరుగుతున్నంతసేపూ తల పనిచేస్తూనే ఉండేది, చేయి దొరికే వేళకు ఎత్తు సిద్ధంగా ఉండాలి కదా. నిజమే, తప్పులు చేసేవాళ్ళం, బాపు చూసినట్టు నాలుగు ఎత్తుల అవతలికి చూడలేకపోయేవాళ్ళం. రెండింటికి మించి నాకు కనపడేవి కావు. కానీ చేసిన తప్పును ఒళ్ళో పెట్టుకొని అక్కడి నుంచే ఆడడం నాకు ఆ ఆటే నేర్పింది. తీరిక ఉన్నవాళ్ళకు నెమ్మది ఆట ఉంటుంది. మా అవ్వలాంటి మనిషికి రెండు ఊపిర్ల ఆట లేకపోతే అసలు ఆటే లేదు, చచ్చేదాకా ఎవరో ఆడుతుంటే చాయ మోయడమే.

నేను ఏడో తరగతి పాసైన వేసవిలో మా అన్న భీవండి వెళ్ళిపోయాడు, మరమగ్గాల పనికి. ఇంట్లో ఒక జత చేతులు తగ్గాయి. బాపు అన్నం ముందు కూర్చొని, "ఏడు చాలు. ఇగ రాట్నం మీద కూసో," అన్నాడు. అంతే, వేరే మాట లేదు. అవ్వ రెండు రోజులు అన్నం తినకుండా పోట్లాడింది. మూడో రోజు తినక తప్పలేదు, కండెలు చుట్టాలి కదా. ఆ వారం అంగడినాడు నేను కండెల తట్ట పట్టుకొని ముందు గదిలోకి వెళ్ళేసరికి పటేలు గుర్రాన్ని ఎత్తి ఒక గడి మీద పట్టుకొని ఉన్నాడు, ఇంకా దించలేదు. నోరు ఊరుకోలేదు.

"గాడ పెడితె మంత్రి పోతది పటేలా," అన్నాను.

మగ్గం ఆగింది. పటేలు గుర్రాన్ని అలాగే పట్టుకొని గుడ్డ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నీ బిడ్డెకు ఆట వస్తదేందిర మల్లేశం?" అన్నాడు.

బాపు సిగ్గుపడ్డాడు. "ఏమొస్తది పటేలా, చూసి చూసి ఏదో వాగుతది. పోవే లోపలికి."

"ఆగు ఆగు. ఏం క్లాసు బిడ్డా?"

"ఏడు పాసైన. బాపు బడి మానిపిచ్చిండు," అన్నాను గబగబా, బాపు ఆపేలోపు.

పటేలుకు నవ్వొచ్చింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనపడుతుంది, పాకు పట్టిన పళ్ళతో, మంచి మనసుతోనే నవ్వాడు. "అట్లనా? అయితె వచ్చే అంగడికి నాతోటి ఆడు. గెలిస్తివా, ఎనిమిదిల నీ పేరు రాయిపిచ్చుడే. ఓడితివా, నోరు మూసుకొని రాట్నం తిప్పాలె. ఏమంటవ్ మల్లేశం? మాటనా?"

"మీరు చెప్పినంక కాదంటనా పటేలా," అన్నాడు బాపు. ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ళకు అది ఒక పొద్దు గడిచే ముచ్చట. నేను తట్ట అక్కడే పెట్టి అవ్వ దగ్గరికి పరిగెత్తాను.

ఆ వారమంతా అవ్వ నన్ను నిలువనీయలేదు. సుద్దగళ్ళ మీద నన్ను ఉతికి ఆరేసింది. "పటేలుకు గుర్రమంటె పాణం. గుర్రం పోతె తలకాయ తిరుగుతది. ముందుగాల అదే తియ్యి," అని చెప్పింది. అంగడినాడు నేను మంచం ముందు నేల మీద కూర్చున్నాను. రాట్నం కూడా ముందు గదిలోకి తెచ్చి నా పక్కన పెట్టారు, ఆట ఉందని కండెలు ఆగుతాయా? చుడుతూ ఆడాను. కండె మార్చే ఊపిర్లలోనే నా ఎత్తులు. పటేలు మాత్రం ఎప్పటిలాగే దొర్లించాడు, వాసన చూశాడు, కళ్ళు మూసుకున్నాడు. నేను ఒక ఎత్తు వేసి పది కండెలు చుట్టేదాన్ని. పొద్దెక్కేసరికి ఆయన ఒక గుర్రం పోయింది. మధ్యాహ్నం అన్నాల తరువాత రెండోదీ పోయింది. మా పాత ఆటలో రాజుకు ఒక్కసారి గుర్రంలాగా దూకే హక్కు ఉంటుంది. తప్పించుకోవడానికి అది కూడా వాడేసుకున్నాడు. ఎండ గడప దిగే వేళకు నా ఏనుగు ఆయన రాజు ఎదురుగా నిలిచింది. "షా," అన్నాను. షా అంటే రాజుకు గురి పెట్టినట్టు. రాజు పోవడానికి ఒకే ఒక గడి ఉంది. అక్కడికి పోతే నా రెండో ఏనుగు దిగుతుంది, ఆట కట్టు. మగ్గం ఆగిపోయింది. బాపు గుంటలో నుంచి మెడ చాచి చూస్తున్నాడు. తలుపు వెనక అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

పటేలు చాలాసేపు చూశాడు. రాజును ముట్టలేదు. భుజం మీద తువ్వాల సర్దుకున్నాడు, గొడుగు తీసుకున్నాడు. "బస్సు యాళ్లయింది. నా ఎత్తు ఉన్నది, ఎవలు ముట్టద్దు. ఆలోచించి వచ్చే అంగడికి వేస్త," అని చెప్పులు తొడుక్కొని వెళ్ళిపోయాడు.

ఒకే ఒక గడి ఉన్న రాజు గురించి ఏం ఆలోచిస్తాడు? అయినా కట్టుబాటు కట్టుబాటే. పీట మీద గుడ్డ అలాగే ఉండిపోయింది. మరునాడు బాపు చేనేత సంఘానికి వెళ్ళి నూలు తెచ్చాడు, ఎప్పటికన్నా రెండు కట్టలు ఎక్కువ. వచ్చే అంగడికి పటేలు రాలేదు. బడి తెరిచారు. పేర్లు రాసుకోవడానికి గడువు ఉందని, ఆలోపు రమ్మని పంతులమ్మ మా వాడకట్టు పిల్లతో కబురు పంపింది. "బాపూ, పటేలు ఎప్పుడొస్తడు?" అని రోజూ అడిగేదాన్ని. "పెద్దమనిషి బిడ్డా, ఆలోచిస్తుండు. తొందర పెట్టద్దు," అనేవాడు బాపు నాడె విసురుతూ. రెండో అంగడికీ రాలేదు. మొహర్ల మీద నూలు దుమ్ము పేరుకుంటుంటే పొద్దున్నే లేచి కదలకుండా నోటితో ఊదేదాన్ని. మూడో అంగడి కూడా పోయింది, గడువు కూడా పోయింది. నాతో చదివిన పిల్లలు లంగా ఓణీలతో పుస్తకాలు గుండెకు ఆనించుకొని మా గడప ముందు నుంచే బడికి వెళ్ళేవాళ్ళు. నేను రాట్నం వసారా లోపలికి జరుపుకున్నాను, వాళ్ళకు కనపడకుండా.

ఒకరోజు తట్టుకోలేకపోయాను. బాపు చూస్తుండగానే పీట ముందు కూర్చొని పటేలు రాజును నేనే ఆ ఒక్క గడిలోకి జరిపాను. నా ఏనుగును దించాను. "మాత్! అయిపోయింది ఆట! నేను గెలిచిన!" అని అరిచాను. బాపు గుంటలో నుంచి ఎట్లా లేచాడో తెలియదు, చెంప పగిలిపోయింది. "ఎదుటోళ్ళ ఎత్తు నువ్వెట్ల వేస్తవే? మర్యాద లేదా?" అన్నాడు. నన్ను ఆయన కొట్టడం ఆ ఒక్కసారే. తరువాత మొహర్లను ఒక్కొక్కటిగా తీసి మునుపు ఉన్న గళ్ళలోనే మళ్ళీ పెట్టాడు. దసరా వెళ్ళాక ఒకనాడు గుడ్డ మడిచి పెట్టెలో పడేశాడు. బతికినన్నాళ్ళూ మళ్ళీ చదరంగం ముట్టలేదు. పటేలు స్నేహం పోయిందని బాధపడుతున్నాడనుకున్నాను, పైగా నా వల్లే పోయిందని నేనూ బాధపడ్డాను.

ఆ తరువాత సంగతి చెప్పడానికి పెద్దగా లేదు. పెళ్ళయ్యేదాకా కండెలు చుట్టాను, అత్తగారింట్లోనూ కండెలే. ముప్పై నాలుగేళ్ళ వయసులో, పిల్లలు బడికి పోతుంటే వాళ్ళ పుస్తకాలు చదువుకొని ప్రైవేటుగా పదో తరగతి కట్టి పాసయ్యాను. అంగన్‌వాడీలో చేరాను. ఆ ఉద్యోగానికి అడుగు దూరంలో నా చదువు ఇరవై ఏళ్ళు నిలబడిపోయింది, ఒక మనిషి ఎత్తు వేయనందుకు. యాభై ఏళ్ళు పటేలును తిట్టుకుంటూ బతికాను. ఆయన చస్తే వెళ్ళి చూడలేదు కూడా. ఇప్పుడు మా మనవరాలు నిత్య ఫోనులో మూడు నిమిషాల ఆట ఆడుతుంది. నాకూ నేర్పింది. నా వేళ్ళు ఇంకా రాట్నం వేళ్ళే, గబగబా నడుస్తాయి. మొదటిసారి నేను ఆడినప్పుడు అవతలి మనిషి, ఎవడో ఏ ఊరివాడో, ఓడిపోయే గడిలో పడి ఎత్తు వేయకుండా కూర్చున్నాడు. "ఆగుతుండు చూడు, ఇగ రాడు," అన్నాను నేను. "కూసోనియ్యి నానమ్మా, ఆయన టైం అయిపోతది," అంది నిత్య. అంకెలు తగ్గాయి, తగ్గాయి, సున్నా అయ్యింది. నేను గెలిచినట్టు తెర మీద వచ్చింది. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను. ఓడిపోయేవాడు ఎంత పెద్దమనిషైనా గడియారం అతని కోసం ఆగదు, ఇంత చిన్న సంగతి మా ఇంట్లో ఆ రోజు ఉండి ఉంటే!

ఇదంతా ప్రభాకర్‌కు చెప్పి, "గిది మీ నాయిన ఓపిక. రాయమంటవా?" అని అడిగాను. అతను చల్లారిన చాయ గ్లాసు పక్కన పెట్టాడు. ముఖంలో కోపం ఉంటుందనుకున్నాను, లేదు. వింతగా చూస్తున్నాడు.

"అక్కా, మీరు గిది నిజంగ అంటున్రా?" అన్నాడు. "మా నాయిన ఓడిపోయిన అని మీ బాపుకు చెప్పిండు గదా."

"ఎప్పుడు?"

"ఆ తెల్లారే. మా నాయిన మాకు మస్తుసార్లు చెప్పిండు. తెల్లారి మల్ల సిద్దిపేటకొచ్చి, నూలు సంఘం కాడ మీ బాపును పట్టుకున్నడట. 'మల్లేశం, నీ బిడ్డె చేతుల ఓడిన. మాట ఇచ్చినవ్, దాన్ని బడికి తోలు. నాకు సిగ్గైతుంది, ఇగ మీ ఇంటికి రాను' అన్నడట. మీ బాపు సరే పటేలా అన్నడట. మీరు పేపర్లల్ల రాసేది చూపిస్తె నాయిన సంబరపడుతుండె అక్కా. 'నేను ఓడిపోవట్కే ఆ పిల్ల చదువుకున్నది' అంటుండె."

అబద్ధమనుకుందామని చూశాను. పెద్దమనిషి కొడుకుల ముందు గొప్పలు చెప్పుకొని ఉంటాడనుకుందామని చూశాను. కానీ బాపు సంఘానికి వెళ్ళింది ఆ తెల్లారే. ఎక్కువ నూలు తెచ్చి, "ఇగ మస్తు పని ఉన్నది, చేతులు సాలయి," అని అవ్వతో అన్నది నా చెవులతో నేను విన్నాను. ఆట అయిపోయిందని తెలిసి, ఓడిన మనిషి నోటితోనే విని వచ్చి, నెలల తరబడి నాతో 'ఆలోచిస్తుండు' అన్నాడు. నేను దుమ్ము ఊదుతుంటే గుంటలో కూర్చొని చూశాడు. అయిపోయిన ఆటను ముట్టుకున్నందుకు నన్ను కొట్టాడు. ఇంట్లో చేతులు తక్కువయ్యాయి, నాకు తెలుసు. అన్న లేడు, పని ముంచుకొచ్చింది, అదీ తెలుసు. 'బిడ్డా, నువ్వు గెలిచినవ్, కని తోలలేను' అంటే ఏం పోయేది? ఏడ్చేదాన్ని, తిట్టేదాన్ని, గెలిచానని మాత్రం తెలిసేది కదా! ఇక పటేలు. సంఘం నుంచి మా ఇల్లు ఎంత దూరం? నాలుగు అడుగులు నడిచి వచ్చి ఆ పదమూడేళ్ళ పిల్ల ముఖం చూసి 'ఓడిన' అనడానికి ఆయనకు సిగ్గు. ఒకడి సిగ్గు, ఇంకొకడి అవసరం, రెండూ కలిసి నా గెలుపును మింగేశాయి. పైగా నా చదువు ఆయన పెట్టిన భిక్ష!

నేను పది పాసైన రోజు మిఠాయి పట్టుకొని బాపు దగ్గరికి వెళ్ళాను. అప్పటికి ఆయన మగ్గం మానేశాడు, కళ్ళు సరిగా కనపడవు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. మిఠాయి చేతిలో పెట్టి, "పాసైన బాపూ," అన్నాను. చేయి పట్టుకొని చాలాసేపు వదల్లేదు. "ఆలస్యమాయె బిడ్డా," అన్నాడు. "అయితె ఏంది, అయింది గద," అన్నాను నేనే ఓదారుస్తూ. నేను ఓదార్చాను! ఆ పూట చెప్పొచ్చు. ఆ తరువాత ఇంకా పదకొండేళ్ళు బతికాడు, ఏ పూటైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

ప్రభాకర్ లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. కోడలు వచ్చి గ్లాసు తీసుకెళ్ళింది. "మరి పుస్తకంల ఏం రాస్తరక్కా?" అన్నాడు మెల్లగా.

"గిదే రాస్త," అన్నాను. "పటేలు ఓడిండు. ఓడిన ముచ్చట నాకు చెప్పెతందుకు మొఖం చెల్లలే, మా బాపుకు చెప్పిండు. మా బాపు దాచిపెట్టిండు. పేరు పెట్టి రాస్త, మల్లేశం అని. అచ్చేస్తవా?"

అట్ట కాగితం మీద తండ్రి ఫోటో వైపు చూసుకున్నాడు. "నాయిన సంగతి రాయిన్రి, ఏం గాదు. ఓడిండు, ఓడిండనే రాయిన్రి. కని మీ బాపు ముచ్చట ఎందుకక్కా? అంత మంచి మనిషి. సచ్చిపోయినోళ్ళ మర్యాద తియ్యద్దు గద."

"బతికున్నదాన్ని నేనున్న గద తమ్మీ," అన్నాను.